నీటిని ఆపి నూనెను విడుచు వస్త్రము

(గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చేసిన విజ్ఞానోపన్యాస పాఠము)



నూనెయు నీరును కలియవని తెలుపుటకు ఎవరికిని ఉపన్యాసము అక్కరలేదు. గాజుగిన్నెలో నీరుపోసి, దానిపై నూనెపోసి, వత్తి వెలిగించిన ప్రతి ఇల్లాలికిని ఆ సంగతి తెలియును. అయినను కలియని ఆ రెండింటిని మరల వేరుచేయుట ఎంత చిక్కైన పనియో, డీజిలు పీపా అడుగున నీరు చేరిన రైతును అడుగవలెను. నడిసముద్రమున ఇంజను ఆగిపోయిన పడవవానిని అడుగవలెను.

వేసవిలో తెచ్చి, సగము వాడి, మూత బిగించి పెట్టిన పీపాలో మిగిలిన సగము గాలియే. పగలు వేడెక్కి రాత్రి చల్లబడునప్పుడెల్ల ఆ గాలిలోని తేమ లోపలి రేకుమీద చెమర్చి, బొట్లుబొట్లుగా క్రిందికి జారును. వానకాలమున పీపాను నిలువుగా బయట నుంచినచో, పైమూత చుట్టు నిలిచిన నీరు మరచుట్ల సందులనుండి లోనికి దిగుటయు కలదు. నీరు డీజిలుకంటె బరువైనది గనుక అడుగునకు చేరును. అక్కడితో ఆగినచో బాధ లేదు. నీటికిని డీజిలునకును నడుమ సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురు కట్టును. పీపా అడుగంటిన నాడు ఆ నీరు, ఆ జిగురు, ట్రాక్టరులోనికి పోవును. ఇంజనులోనికి డీజిలును చిమ్ము నాజిలు రంధ్రములు వెండ్రుకవాసివి. క్రొత్త తరహా ఇంజనులలో వాతావరణ పీడనమునకు 1,500 రెట్లకు మించిన ఒత్తిడితో డీజిలును చిమ్మింతురు. డీజిలునకుగల జిడ్డు గుణము వలననే ఆ పంపు భాగములు ఒకదానిపై నొకటి ఒరసికొనుచును అరుగక నడచును. నీటికి ఆ గుణము లేదు. పైగా త్రుప్పు పట్టించును. పొలములో ట్రాక్టరు ఆగిన మేస్త్రీని పిలువవచ్చును. ఒడ్డు కనబడనిచోట పడవ ఇంజను ఆగినచో పిలుచుటకు ఎవరున్నారు?

ఈ చిక్కునకు ఒక గుడ్డముక్క విరుగుడు కాగలదని చెప్పిన వినువారికి వింతగా తోచును. నీటిని పైననే నిలిపి, నూనెను మాత్రము క్రిందికి విడిచెడి గుడ్డ అది. దానిలో యంత్రము లేదు, విద్యుత్తు లేదు, మందు వేయుట లేదు. మామూలు నూలుగుడ్డయే, లేక సన్నని ఉక్కుతీగెల జల్లెడయే. దానిపై కంటికి కనబడనంత పలుచని పూత యొకటి యుండును. ఆ పూత నీటిని ఏల దరిచేరనీయదు, నూనెను ఏల రానిచ్చును అనునదే నేటి విషయము.

ముందుగా గొడుగును చూడవలెను. గొడుగుగుడ్డను ఎండకెత్తి పట్టినచో పడుగుపేకల నడుమ సన్నని రంధ్రములు కనబడును. అన్ని రంధ్రములున్నను చినుకు లోనికి రాదు. రంధ్రము చిన్నదగుటవలన రాలేదని పలువురు తలంతురు. అది సగము సత్యమే. అంతే రంధ్రములుగల ఉతికిన పాతపంచెను కప్పుకొన్నచో ఒక్క నిమిషములో తడిసి ముద్ద యగును. భేదము రంధ్రములో లేదు, పోగులో ఉన్నది. పంచె పోగు నీటిని పిలుచును. గొడుగు పోగు నీటిని త్రోసివేయును.

నీటి అణువులకు ఒకదానిపై నొకదానికి ఆకర్షణ మెండు. నీటి ఉపరితలమునందలి అణువులు లోపలివానిచే గట్టిగా లాగబడుచుండుటవలన, ఆ తలము బిగించిన పొరవలె ప్రవర్తించును. దీనినే శాస్త్రజ్ఞులు తలతన్యత యందురు. సాధారణ ఉష్ణోగ్రతలో నీటి తలతన్యత మీటరునకు 72 మిల్లీన్యూటనులు. వేరుసెనగనూనె, కొబ్బరినూనె వంటివాని తలతన్యత అదే కొలతలో 30కి కొంచెము పైన, డీజిలుది 30కి లోపుగా ఉండును. అనగా నీటిబొట్టు ముడుచుకొని గుండ్రముగా నుండుటకు పెనుగులాడును. నూనెబొట్టునకు అంత పట్టుదల లేదు, ఏ చోటు దొరికిన ఆ చోట పరచుకొనును. నూలుపోగు సెల్యులోజుచే నైనది. సెల్యులోజునకు నీరనిన ప్రీతి; కనుక నీరు తన ముడుపును విప్పుకొని దానిపై ప్రాకును. మైనము, సిలికోను, టెఫ్లాను వంటి పదార్థములు నీటిని ఆకర్షింపలేవు. వానిపై బడిన నీరు తనలో తానే ముడుచుకొని ముత్యమువలె నిలుచును. నూనె మాత్రము అటువంటి తలముపైనను పరచుకొనగలదు, ఏలయన దానిని పరచుటకు కావలసిన ఆకర్షణ స్వల్పమే. నీటికి చాలని ఆకర్షణ నూనెకు చాలును. ఈ ఒక్క భేదముపై ఈ విద్య యంతయు నిలిచియున్నది.

బొట్టు తలమును తాకుచోట ఏర్పడు కోణమును స్పర్శకోణ మందురు. దానిని గూర్చి మొదట తర్కబద్ధముగ వ్రాసినవాడు ఇంగ్లండు దేశీయుడగు థామస్ యంగ్. ఆయన వృత్తిచే వైద్యుడు. ఈజిప్టు ప్రాచీన లిపిని విప్పుటలో గూడ చేయిచేసికొన్న బహుముఖ ప్రజ్ఞావంతుడు. ఆయన వ్యాసము 1805లో వెలువడినది. స్పర్శకోణము 90 డిగ్రీలకు మించినచో ఆ తలము నీటిని రోయునదనియు, 150 డిగ్రీలు దాటినచో మిక్కిలిగ రోయునదనియు నేడు లెక్క. ఎంత మంచి మైనము పూసినను, నున్నని తలముపై 120 డిగ్రీలను దాటుట దుర్లభము. ఆపై 30 డిగ్రీలు ఎట్లు వచ్చును? నునుపువలన రాదు, గరుకువలన వచ్చును. ఇది మొదట నమ్మశక్యము కాని మాట. 1936లో అమెరికాలో వెంజెల్ అను నాతడు, నీటిని రోయు తలము గరుకైనచో మరింత రోయుననియు, నీటిని కోరు తలము గరుకైనచో మరింత కోరుననియు చూపెను. 1944లో ఇంగ్లండునందలి కేసీ, బాక్‌స్టర్ అను నిరువురు, నీటిబొట్టు గరుకుతలముయొక్క కొనలపై మాత్రమే కూర్చుండి, లోయలలో గాలి నిలిచిపోవునప్పుడు ఏమగునో లెక్కగట్టిరి. వారు చూచినది బాతు ఈకలను, నీటిని తడియనీయని వస్త్రములను. కేసీ ఉన్ని పరిశోధనశాలలో పనిచేసినవాడు. ఈ విద్య మొదటినుండియు నేతవారి ముంగిటనే పుట్టినదని చెప్పుటకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

తామరాకు మాట ఇక్కడ రాక తప్పదు. సంసారమున అంటీముట్టనట్లుండువానిని తామరాకుపై నీటిబొట్టుతో పోల్చుట తరతరములుగా ఉన్నదే. ఆకు ఏల తడియదో చక్కగా విడదీసి చెప్పినవారు జర్మనీ దేశపు వృక్షశాస్త్రజ్ఞులు బార్ట్‌లాట్, నైన్‌హుయిస్ అనువారు. వారి వ్యాసము 1997లో వెలువడినది. ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూచినచో తామరాకు నున్నగా లేదు. మిల్లీమీటరులో నూరవవంతు ఎత్తుగల బొడిపెలు కిక్కిరిసి, ఒక్కొక్క బొడిపెపై మైనపు గొట్టములు మరింత సన్నగా మొలచి యుండును. గరుకుపై గరుకు. బొట్టు ఆ కొనలపై నిలిచి, దుమ్మును మూటగట్టుకొని దొర్లిపోవును. చెరువులలోని అంతరతామర ఆకుపై గూడ సన్నని నూగుండి నీరు అంటదు. ఆ ఆకును నీటిలో ముంచి తీసి చూచిన పిల్లలకు ఇది క్రొత్త కాదు. అయితే వీనిపై వంటనూనె బొట్టును వేసి చూచినవారు తక్కువ. వేసినచో తామరాకు వైరాగ్యము అంతటితో సరి. నూనె పరచుకొని ఆకు తడియును.

ఆకుపై నున్న ఈ గుణమును రంధ్రములుగల వస్తువునకు అమర్చినచో జల్లెడ అగును. 2004లో చైనా విజ్ఞాన పరిషత్తునకు చెందిన లే జియాంగ్ బృందమువారు ఉక్కుతీగెల జల్లెడపై టెఫ్లాను పూతను గరుకుగ పట్టించి, నీరు పైన నిలిచి డీజిలు క్రిందికి పోవునట్లు చూపిరి. ఆ వ్యాసము వెలువడిన పిదప లోకమున ఎన్నో ప్రయోగశాలలు ఈ మార్గము పట్టినవి. ఉక్కుతీగెకు బదులు నూలుగుడ్డ, నూలుకు బదులు పాలియెస్టరు, టెఫ్లానునకు బదులు సిలికోను, మైనము, స్టియరికామ్లము. గరుకు తెచ్చుటకు సన్నని ఇసుకపొడి వంటి సిలికా రేణువులు. వంటకము పేరు మారుచుండును గాని వండు పద్ధతి ఒక్కటే: పోగును గరుకు చేయుట, ఆ గరుకుపై నీరు నచ్చని పూత పూయుట, పడుగుపేకల నడుమ సందులు మూసికొనిపోకుండ చూచుట. ఈ మూడవది మరచినవాడు జల్లెడను గాక మైనపుగుడ్డను తయారుచేయును. దానిగుండ నీరును పోదు, నూనెయు పోదు.

అయితే 2004కు ముందు ఈ పని లోకమున జరుగలేదని తలచుట పొరపాటు. విమానములు డబ్బాలతో పెట్రోలు పోసికొనుచుండిన కాలమున, గరాటులో మెత్తని తోలు పరచి దానిగుండ పెట్రోలును వడబోసెడివారు. ఆ తోలును ముందు పెట్రోలుతో తడిపినచో పెట్రోలు దిగును, నీరు పైన మిగులును. ఆకాశమున ఇంజనులోనికి నీరు పోయినచో ఏమగునో వారికి ఎరుకయే. నేటికిని విమానాశ్రయములలో ఇంధనమును రెండు మెట్ల యంత్రముగుండ పంపుదురు. మొదటి మెట్టులో సన్నని నీటితుంపరలు ఒకదానితో నొకటి కలిసి పెద్దబొట్లగును; రెండవ మెట్టులో టెఫ్లాను పూసిన జల్లెడ ఆ బొట్లను ఆపును. డీజిలు ఇంజనులకు అమర్చు నీటివేర్పాటు ఫిల్టరులలో పెక్కింటియందు సిలికోను పట్టించిన కాగితమే ఈ పనిచేయును. ఫిల్టరు క్రిందనుండు గిన్నెలో చేరిన నీటిని మరవిప్పి వదలవలెనని మేస్త్రీ చెప్పునది అందులకే. ఆ మాట పెడచెవిని బెట్టి, నిండిన గిన్నెతోనే నడిపినచో ఎంత మంచి కాగితమైనను చేయునది లేదు. టెఫ్లాను జల్లెడ అమర్చిన గరాటులు గూడ అంగళ్ళలో దొరకును. పీపానుండి ట్రాక్టరులోనికి డీజిలు పోయునప్పుడు అట్టి గరాటును వాడుట అన్నివిధముల మేలు.

ఇట్టి జల్లెడ ఎంత నీటిని మోయగలదో లెక్కగట్టుట కష్టము కాదు. రంధ్రము ఎంత సన్ననైన అంత ఎత్తున నీరు నిలుచును. రంధ్రము మిల్లీమీటరులో పదవవంతు, స్పర్శకోణము 120 డిగ్రీలు అనుకొన్నచో, గుడ్డపై సుమారు 15 సెంటీమీటర్ల ఎత్తు నీరు నిలుచును. రంధ్రము అందులో సగమైనచో ఎత్తు రెట్టింపై 30 సెంటీమీటర్లగును. అంతకు మించినచో నీరు రంధ్రములలోనికి దూరి కారుట మొదలిడును. జోరువానలో గొడుగు లోపల తుంపర పడుటయు ఇందువలననే. చినుకు మీదబడు వేగము ఆ పరిమితిని దాటించును. రంధ్రమును ఇంకను సన్నము చేసినచో మరింత నీటిని ఆపవచ్చును గాని, అప్పుడు నూనె దిగుట మందమగును. ఒకటి కావలెనన్న నొకటి వదలుకొనవలెను. గుడ్డను నేయువానికి ఈ బేరము నిత్యము తప్పదు.

ఇక పత్రికలలో విరివిగ వచ్చు మాట, సముద్రముపై చమురు ఒలికినప్పుడు ఈ వస్త్రములు ఆదుకొనునన్నది. ఇందులో ఎంత నిజమున్నదో నిదానముగ చూడవలెను. 2010 ఏప్రిల్ 20న అమెరికా దక్షిణతీరమున, మెక్సికో సింధుశాఖలో ఒక చమురుబావి ప్రేలి 11 మంది పనివారు మరణించిరి. బావినుండి చమురు 87 దినములు సముద్రములోనికి ప్రవహించినది. అమెరికా ప్రభుత్వపు అంచనా 49 లక్షల పీపాలు. ఆ ఘోరము జరిగిన పిమ్మట ఈ వస్త్రములపై పరిశోధన ముమ్మరమైనది. మన ప్రక్కనే, 2017 జనవరి 28న మద్రాసునకు ఉత్తరమున ఎన్నూరు రేవువద్ద రెండు ఓడలు ఢీకొని చమురు ఒలికెను. తీరమంతయు నల్లని ముద్ద పేరుకొనిపోయినది. దానిని తీసినవారు ఏ వింత వస్త్రమును వాడలేదు. మత్స్యకారులు, విద్యార్థులు, కూలీలు బకెట్లతో, చేతులతో ఎత్తిపోసిరి. చేపలు కొనువారు లేక ఆ తీరపు పల్లెలవారు పడిన ఇక్కట్లు పత్రికలు చదివినవారికి జ్ఞాపకముండును.

అంత పేరుగన్న వస్త్రము అక్కడ ఏల కనబడలేదు? అందులకు మొదటి కారణము చమురు స్వభావమే. ఓడలు కాల్చు బరువైన చమురు డీజిలువంటిది కాదు. చల్లని నీటిలో అలలకు చిలుకబడి, నీటిని తనలో కలుపుకొని తారువలె ముద్దకట్టును. తారును పలుచని గుడ్డలో వడబోయుట ఎవరి తరము? రెండవ కారణము మరింత సూక్ష్మమైనది. నీరు బరువు, నూనె తేలిక. కలిసిన ద్రవమును జల్లెడపై పోసినచో నీరే అడుగునకు జేరి గుడ్డపై పరచుకొనును; దిగవలసిన నూనె పైన తేలుచు గుడ్డను తాకనే తాకదు. పాలవాడు మీగడను అడుగునుండి తీయజూచినట్లుండును. ప్రయోగశాలలో నీటికంటె బరువైన క్లోరోఫారము వంటి ద్రవములతో చూపిన ప్రదర్శనలు ఎంత ముచ్చటగ నున్నను, చమురు విషయమున అవి మోసపుచ్చును. ఈ సంగతి దాచి 'అద్భుత వస్త్రము' అని వ్రాయు వార్తలను కొంచెము తరుగుతీసి చదువుట మంచిది.

ఈ రెండవ చిక్కునకు విరుగుడులు లేకపోలేదు. ఒకటి, పద్ధతిని తలక్రిందులు చేయుట. నీటిలోనున్న చేప మేనికి చమురంటదు. దాని పొలుసుల గరుకులో నీరు నిలిచి, ఆ నీటిపొర చమురును తాకనీయదు. ఈ సంగతి చూచిన లే జియాంగ్ బృందమువారే 2011లో, నీటిని పీల్చి ఉబ్బెడి జిగురుపదార్థమును ఉక్కుజల్లెడపై పూసి, నీటిని దిగవిడిచి నూనెను పైననిలుపు జల్లెడను తయారుచేసిరి. బరువైన నీరు క్రిందికి, తేలికయైన నూనె పైన. ప్రకృతి త్రోవకు ఎదురు లేదు. పైగా నూనె గుడ్డను తాకదు గనుక జిడ్డుపట్టి రంధ్రములు మూసికొనుట తగ్గును.

మరియొకటి బార్ట్‌లాట్ బృందమువారు 2020లో ప్రకటించిన ఉపాయము. అది మిక్కిలి సరళమైనది, ఈ ఉపాయములన్నింటిలో మెచ్చదగినది. నీటిని రోయు వస్త్రమును ఒక తేలెడి గిన్నె అంచుమీదుగ వ్రేలాడదీసి, ఒక కొనను బయటి నీటిని తాకునట్లు, మరొక కొనను గిన్నెలోనికి ఉండునట్లు అమర్చుదురు. నీటిపైనున్న చమురు వత్తిలో నూనె ఎక్కినట్లు గుడ్డలోనికి ఎక్కి, అంచు దాటి, గిన్నెలోనికి దిగును. నీరు మాత్రము ఎక్కదు. పంపు అక్కరలేదు, విద్యుత్తు అక్కరలేదు. ప్రమిదలో వత్తి చేయుపనియే ఇది. నీటిని ఎక్కనీయని వత్తి యనుటయే విశేషము. పెద్ద సముద్రమునకు ఇది చాలునో చాలదో గాని, చేపల చెరువు గట్టున ఇంజనునుండి కారిన డీజిలు పొరకు, రేవులో పడవల నడుమ రంగురంగుల తెట్టుకు ఇటువంటి గిన్నె చాలును. ఓడ అడుగున చేరు జిడ్డునీటిని, పదిలక్షల పాళ్ళలో 15 పాళ్ళకు మించి చమురుండగా సముద్రములోనికి వదలరాదని అంతర్జాతీయ నియమమున్నది. చిన్న పడవలవారి యొద్ద ఓడలకుండు యంత్రములుండవు. గుడ్డయు గిన్నెయు వారికి అందుబాటులోనివి.

సబ్బు కలిసినచో మాత్రము ఈ విద్యలన్నియు తబ్బిబ్బగును. సబ్బు నీటి తలతన్యతను తగ్గించును. నూనెను వేయింతలుగ చీల్చి పాలవలె చేయును. ఆ సన్నని బొట్లు గుడ్డ రంధ్రములకంటె చిన్నవై ఇటునటు కలిసియే పోవును. ఇంజను కడిగిన సబ్బునీటిని ఈ గుడ్డతో వడబోయజూచుట వృథా. చిందిన డీజిలుపై ముందుగా సబ్బుపొడి చల్లుట పలువురి అలవాటు. తెట్టు మాయమైనట్లు తోచునే గాని, చమురు నీటిలోనే ఉండును, తీయుటకు మాత్రము వీలుకాకుండ పోవును.

పూతలను గూర్చి ఒక హెచ్చరిక. ఫ్లోరిను కలిసిన కొన్ని పూతలు నీటిని, నూనెను గూడ రోయును. వానకోటులకు, తివాసీలకు వానిని విరివిగ వాడిరి. రెంటిని ఆపునది వేరుచేయుటకు పనికిరాదనుట ఒకటి. అవి మట్టిలో, నీటిలో ఎన్నటికిని చివికిపోక, ప్రాణుల రక్తములో చేరి నిలుచుట మరొకటి. స్టాక్‌హోమ్ ఒడంబడికలో నిషేధింపదగిన వానిలో, నియంత్రింపదగిన వానిలో ఒక జాతిని 2009లోను, మరొక జాతిని 2019లోను చేర్చిరి. నీటిని శుభ్రముచేయ బయలుదేరి అట్టి విషమును నీటిలో కలుపుట ఏటి న్యాయము? మైనము, కొవ్వుల ఆమ్లములు, సిలికోను వంటి వానితోనే పని జరుగునప్పుడు ఆ త్రోవ త్రొక్కనవసరము లేదు.

పత్తి పండించు రైతులకు ఇందులో వినదగిన సంగతి యొకటి కలదు. గింజతీసిన పచ్చిదూదిని నీటిలో వేసినచో వెంటనే మునుగదు; పోగుపై సహజముగనే పలుచని మైనముండును. సోడాతో ఉడికించి ఆ మైనమును తీసిన తరువాతనే అది ఆస్పత్రి దూదివలె నీటిని పీల్చును. అనగా నూనెను కోరి నీటిని రోయు గుణము పత్తికి పుట్టుకతోనే ఉన్నది. మరలో మనము దానిని పోగొట్టుచున్నాము. బూరుగుదూది ఇంకను గట్టిది. దాని పోగు లోపల గొట్టమువలె బోలుగ నుండి గాలితో నిండి, పైన మైనము కప్పియుండును. తలగడలలో కూరు ఆ దూదినే ఒకనాడు ఓడలవారు ప్రాణరక్షక చొక్కాలలో కూరెడివారు. 2013లో అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, సరిగా పక్వముకాని పత్తి తన బరువునకు 30 రెట్ల ముడిచమురును పట్టగలదని ప్రకటించిరి. పోగు సన్ననై, గోడ పలుచనై యుండుటవలన చమురంటుటకు చోటు అధికము. కొనుగోలు కేంద్రములలో మైక్రోనేరు చాలలేదని ధర తెగ్గోయు పత్తి అదియే. అడుగున చీడబట్టి, వానకు తడిసి, సగము పండిన కాయలను ఏరి అమ్మబోవు రైతు ముఖము చూచినవారికి ఈ వార్త చిన్నదిగ తోచదు. అంతమాత్రమున రేపు ఆ పత్తికి ధర పెరుగునని ఎవరును చెప్పజాలరు. పచ్చిదూది అలల తాకిడికి కొంతసేపటికి నీటిని గూడ పీల్చుట మొదలిడును. దానిని పలుచని చాపవలె ఒత్తి, అవసరమైనచోట పూతపట్టించి, చమురును పిండి మరల వాడుటకు వీలుచేయు పరిశ్రమ నిలువవలెను. ఆ పరిశ్రమ పత్తి పండు జిల్లాలలో నిలిచినగాని రైతునకు దక్కునది స్వల్పము.

చమురు పీల్చిన గుడ్డలను ఏమిచేయవలెనన్న ప్రశ్న ఎవరికైనను తట్టును. పిండి మరల వాడుట మొదటి మాట. వాడుకకు రానివానిని కుప్పగ వేసి మూలనుంచరాదు. ముఖ్యముగ అవిసెనూనె వంటి ఆరెడి నూనెలతో తడిసిన గుడ్డలు గాలి సోకి తమంత తామే వేడెక్కి నిప్పంటుకొనుట కలదు. మూతగల రేకుడబ్బాలో ఉంచవలెను.

ఇంటిలో ఈ గుణమును చూడగోరువారికి పూర్వకాలపు పద్ధతి యొకటి ఉన్నది. రసాయనశాల అక్కరలేదు, బట్టలసబ్బు, పటిక చాలును. చేనేత గుడ్డముక్కను గంజిపోవునట్లు ఉడికించి ఉతికి ఆరబెట్టవలెను. వేడినీటిలో సబ్బును కరగించి గుడ్డను నానబెట్టి, పిండి, పిదప పటిక కరగించిన వేడినీటిలో ముంచవలెను. సబ్బును పటికయు కలిసి నీటిలో కరగని జిడ్డుపదార్థముగ మారి పోగులకు పట్టుకొనును. నీడన ఆరబెట్టి ఇట్లే మరి రెండుమార్లు చేసి, ఇస్త్రీ చేయవలెను. ఇది నిజమైన సబ్బుతోనే సాధ్యము. ఈనాటి డిటర్జెంటు పొడులతో కాదు. వెనుకటి కాలమున గుడారములకు, వానకోటులకు ఈ పూతనే పట్టించెడివారు. డీజిలులో తరచు నానినచో ఈ పూత సడలిపోవును గనుక దీనిని ట్రాక్టరు గరాటులో వాడరాదు. చూచి నేర్చుకొనుటకు మాత్రమే.

అట్లు తయారుచేసిన గుడ్డ యొకటి, టీ వడబోయు జల్లెడ, రెండు గాజుగ్లాసులు సభానంతరము గ్రంథాలయపు బల్లపై ఉండును. పిల్లలు ఎవరి చేతులతో వారు చేసి చూడవచ్చును. గుడ్డను జల్లెడలో పరచి, ముందు వేరుసెనగనూనెను కొద్దిగ పోసి గుడ్డ అంతయు తడియనీయవలెను. నీటిని ఆపిమ్మట, అంచువెంట మెల్లగ, రెండు వ్రేళ్ళ ఎత్తునకు మించకుండ పోయవలెను. నీటిని ముందుగ పోసినచో నూనె దిగదు. నూనె చిక్కనైనది గనుక గ్లాసులోనికి దిగుటకు కొంత వేళ పట్టును.